నిలబెట్టి ఉంచాలి

గోగునార బేళ్ళు పేర్చిన చోటే
ఇప్పుడు ఫ్రిజ్‌లు నిలబడి ఉన్నాయి.
నెల్లిమర్ల రోడ్డులో మూతపడ్డ మిల్లు, మూడో గోదాం.
గోడల్లో ఇంకా నార వాసన.
వాన పడితే లేస్తుంది, పాత బాకీలా.

విశాఖలో విప్పే చోట ఖాళీ లేదట.
ఇంకో రెండు నెలలు దాచండి, అన్నారు ఫోన్లో.
ఆ మాటకి నాలుగు నెలలు నిండాయి.
రెండొందల పదకొండు ఫ్రిజ్‌లు,
ముప్ఫై ఆరు ఐస్‌క్రీం పెట్టెలు,
ఒక కూల్‌డ్రింకుల బీరువా,
దాని నుదుట కుంకుమ బొట్టు, ఏ దసరాదో.

రిజిస్టరు నాది.
పేరు: పొట్నూరు అసిరితల్లి. హోదా: తాత్కాలికం.

మొదటి పని తలుపులు ఊడదీయడం.
ఎందుకని అడిగాడు కొత్త కుర్రాడు తవుడు.
దాగుడుమూతలాడే పిల్ల ఇందులో దూరితే
రబ్బరు అంచు జలగలా పడుతుందిరా,
కేక బయటికి రాదు, అన్నాను.
వాడు ఇంకేం అడగలేదు.
ఆ రోజు అన్నానికి కూడా లేవకుండా
నలభై తలుపులు విప్పాడు.

తలుపులు ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క.
తలుపుల మీద ఇంకా మనుషులుంటారు:
అయస్కాంతం మామిడిపండు,
గ్యాస్ బండ వచ్చిన తేదీ,
పాలవాడి లెక్క. పద్నాలుగు, పదిహేను,
పదహారు రాలేదు.
పదహారున ఎందుకు రాలేదో
ఇప్పుడెవరు చెబుతారు.

పడుకోబెట్టకూడదు.
పడుకోబెడితే నూనె గొంతులోకి పాకుతుంది.
వరసకీ వరసకీ మధ్య ఒక మనిషి పట్టేంత దారి.
కింద చెక్క దిమ్మ.
చంపావతి పొంగిన ఏడు నీళ్ళు ఎందాకా వచ్చాయో
గోడ మీద మడ్డి గీత చెబుతుంది.
ఆ గీతకి జానెడు పైన దిమ్మలు.

వెనకాల సన్నటి రాగి గొట్టాల్లో
ఇంకా కాస్త చలి మిగిలే ఉంది.
కంటికి కనపడదు. వదిలేస్తే
తిన్నగా పైకి పోయి మన ఎండలో కలుస్తుంది.
మే నెలలో మెడ తుడుచుకుంటూ
ఎవరూ ఫ్రిజ్‌ని తిట్టరు,
సూర్యుణ్ణే తిడతారు.

మొన్న రాత్రి రెండింటికి
ఉస్స్... అని ఒక్కటే ఊపిరి.
టార్చి వేస్తే దాలయ్య మావ.
చేతిలో కత్తెర, కాళ్ళ దగ్గర రాగి చుట్ట.
స్పిన్నింగులో మా అమ్మ పక్క ఫ్రేము ఆయనది.
గేటుకి తాళం పడ్డ రోజు
కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ తీస్తార్లే పిల్లా అన్నవాడు.

"కేజీ ఏడొందలే అమ్మీ. పనికిరాని సరుకే గదా,
ఎవులికి గావాల?"

"పనికిరానిది కాదు మావా, వంతు రానిది."

నోరు జారిన మాట.
ఇద్దరం కాసేపు దాని చుట్టూ నిలబడ్డాం.

గాలి పోయింది పోయిందే.
నూనె మాత్రం నేలకి అంటకుండా
రేకు పళ్ళెం పెట్టాను, ఆయనే వంచి పట్టుకున్నాడు.
రిజిస్టరులో నూట పద్దెనిమిది ఎదురుగా
గ్యాసు లేదు అని రాశాను.
ఎవరు కోశారన్న గడి ఖాళీగా వదిలేశాను.
తప్పే.

తెల్లారి మళ్ళీ వచ్చాడు, చంకలో గోనె పట్టాలు.
"ఎండకి గ్యాసు ఉబ్బుతాదన్నావు గదేటి"
అంటూ పడమటి కిటికీలకి కట్టాడు.
మా మిల్లు గోనెలే.
ముద్ర ఇంకా చదవొచ్చు.

నిన్న ఫోను వచ్చింది.
వచ్చే నెల లారీ ఖాయమట, యాభై మాత్రమే పడతాయట.
ఏ యాభై అక్కా, అన్నాడు తవుడు సుద్దముక్క పట్టుకుని.

కారుతున్నవాటికి ముందు గీత పెట్టు.
మిగతావి నిలబడతాయిలే.
వంటింటి మూలల్లో
పదేసేళ్ళు నిలబడినవేగా.